సగటు కింద దాగిన గూడేలు: ఆరోగ్య అసమానతలను లెక్కతో పట్టుకుని తగ్గించడం ఎలా?

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో జరిగింది. అందులో విశాఖపట్నం జిల్లాకు రక్తహీనత అయినా, ఆసుపత్రి కాన్పులైనా, పిల్లల ఎదుగుదల అయినా ఒక్కో అంశానికి ఒక్కటే శాతం కనిపిస్తుంది. అప్పటి విశాఖ జిల్లాలో బీచ్ రోడ్డూ ఉంది, పాడేరు దాటాక కొండల మీద గూడేలూ ఉన్నాయి. నొప్పులు మొదలైతే పది నిమిషాల్లో ఆసుపత్రి చేరే గర్భిణి, డోలీలో మోసుకొస్తే గానీ రోడ్డు చేరలేని గర్భిణి, ఇద్దరూ ఆ ఒక్క శాతంలోనే ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది గానీ, సర్వే అంకె మాత్రం పాత 13 జిల్లాల లెక్కే.

ఆ ఒక్క అంకెను విప్పి, లోపల ఎవరు ఎక్కువగా చనిపోతున్నారో చూసి, ఆ తేడాను తగ్గించే పని ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను. ప్రజారోగ్యం చదువుతున్న విద్యార్థి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీలో) కొత్తగా చేరిన డాక్టర్, ఏజెన్సీలో పనిచేసే స్వచ్ఛంద సంస్థ కార్యకర్త, తన మండలం గురించి పట్టించుకునే ఎంపీటీసీ, ఎవరైనా ఈ పని చేయొచ్చు. కూడికలు, భాగహారాలు వస్తే చాలు, ఓపిక మాత్రం చాలా కావాలి. పసిపిల్లల మరణాలనే ఉదాహరణగా మొదటినుంచి చివరిదాకా తీసుకుంటాను.

మొదటి అడుగు: ప్రశ్నను చిన్నది చేయండి

"గిరిజనుల ఆరోగ్యం ఎందుకు బాగోలేదు?" అన్న ప్రశ్నతో బయలుదేరితే ఏడాది గడిచినా ఎటూ తేలదు. ఏ ఫలితం, ఎవరికీ ఎవరికీ మధ్య, ఏ ప్రాంతంలో, ఏ కాలంలో అనే నాలుగూ ఒకే వాక్యంలో ఇమడాలి. ఉదాహరణకు: "మా పీహెచ్‌సీ పరిధిలో గత మూడేళ్ళలో పుట్టిన పిల్లల్లో, రోడ్డున్న ఊళ్ళకూ రోడ్డు లేని గూడేలకూ మధ్య ఏడాదిలోపు మరణాల్లో తేడా ఎంత?" ఇలా రాసుకుంటే ఏ రిజిస్టర్ తెరవాలో కూడా తెలిసిపోతుంది.

తేడా ఉన్న ప్రతిచోటా అన్యాయం ఉందనుకోకూడదు. ముప్పై ఏళ్ళవాళ్ళకంటే అరవై ఏళ్ళవాళ్ళకు బీపీ ఎక్కువగా ఉంటుంది, అది వయసు తెచ్చిన తేడా. కానీ ఒకే వారం పుట్టిన ఇద్దరు పిల్లల్లో ఒకరు వాగు అవతల పుట్టినందుకు చనిపోతే అది తప్పించగలిగిన తేడా. మనం వెతికేది ఈ రెండో రకాన్ని.

రెండో అడుగు: ఏ లెక్క ఏం చెప్పగలదో తెలుసుకోండి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేతో మొదలుపెట్టడం మంచిది. నివేదికలు ఉచితంగా దొరుకుతాయి, కులం, కుటుంబ ఆస్తిపాస్తుల స్థాయి, తల్లి చదువు వారీగా పట్టికలు ఉంటాయి. 2019-21 సర్వే ప్రకారం దేశంలో వెయ్యి మంది పుడితే 35 మంది ఏడాది నిండకుండానే చనిపోయారు, ఈ అంకెనే శిశు మరణాల రేటు అంటారు. ఎస్టీ కుటుంబాల్లో అది దాదాపు 42. ఐదేళ్ళలోపు మరణాలు చూస్తే దేశ సగటు 42, ఎస్టీల్లో 50. అసమానత ఉందని చెప్పడానికి ఇది చాలు. కానీ ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద ఈ సర్వే పలకరించిన మహిళలు సుమారు 11 వేల మందే. వాళ్ళను మండలాలుగా, తెగలుగా విడగొడితే ఒక్కో గడిలో పట్టుమని పదిమంది ఉండరు. అందుకే జిల్లా స్థాయిలో శిశు మరణాల రేటును ఈ సర్వే ఇవ్వదు.

రాష్ట్రస్థాయి శిశు మరణాల రేటుకు నమూనా నమోదు వ్యవస్థ, అంటే ఎస్‌ఆర్‌ఎస్ ఉంది. 2020 లెక్కల్లో వెయ్యి పుట్టుకలకు ఆంధ్రప్రదేశ్‌కు 24, తెలంగాణకు 21, కేరళకు 6. రాష్ట్రాలను పోల్చడానికి ఇది బాగా పనికొస్తుంది, రాష్ట్రం లోపల గూడేల సంగతి తేల్చడానికి పనికిరాదు.

కొలిచిన పద్ధతిని కూడా అడగాలి. పిల్లల రక్తహీనతనే తీసుకోండి. కుటుంబ ఆరోగ్య సర్వే వేలిపై సూది గుచ్చి తీసిన చుక్కతో కొలుస్తుంది. 2015-16లో ఐదేళ్ళలోపు పిల్లల్లో 58.6 శాతం మందికి రక్తహీనత ఉందని చెప్పింది. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే నరం నుంచి రక్తం తీసి పరీక్షించి, 1-4 ఏళ్ళ పిల్లల్లో సుమారు 41 శాతం అని తేల్చింది. వయసు హద్దుల్లో కొంచెం తేడా ఉన్నా, ఇంత అంతరానికి కొలిచిన తీరే పెద్ద కారణం. ఒక సర్వే అంకెను ఇంకో సర్వే అంకె పక్కన పెట్టి "తగ్గింది", "పెరిగింది" అని రాసే ముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

మండలం కిందికి దిగాలంటే మిగిలేవి ఊళ్ళో ఆశా కార్యకర్త, సబ్ సెంటర్ నర్సు అయిన ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ రాసే రిజిస్టర్లే. అసలు పని అక్కడే ఉంది.

మూడో అడుగు: రిజిస్టర్‌ను నమ్మేముందు పరీక్షించండి

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక సబ్ సెంటర్ రిజిస్టర్ చూసి సంబరపడ్డాను. కొండమీది గూడేలన్నిటికీ కలిపి ఏడాదిలో ఒక్క శిశు మరణం కూడా లేదు. పక్కనే ఉన్న సీనియర్ ఏఎన్‌ఎం నా మొహం చూసి, "చావులు లేక కాదమ్మా, ఆ కొండెక్కి రాసుకొచ్చే మనిషి లేక. ఆ పోస్టు ఖాళీ అయి ఎనిమిది నెలలైంది" అంది. ఆ రోజు నుంచి సున్నా కనిపిస్తే ముందు భయపడటం నేర్చుకున్నాను. సేవలు అందని చోటే నమోదు కూడా అందదు, కాబట్టి కాగితం మీద అన్నిటికంటే ఆరోగ్యంగా కనిపించే ఊరే ఒక్కోసారి అన్నిటికంటే కష్టంలో ఉంటుంది.

లెక్క తప్పే చోట్లు మన దగ్గర కొన్ని ఖాయంగా ఉంటాయి. తొలికాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. పుట్టుక అక్కడ నమోదవుతుంది, బిడ్డ మూడో నెలలో అత్తగారింట్లో చనిపోతే మరణం ఇక్కడ నమోదవుతుంది, లేదా రెండుచోట్లా జారిపోతుంది. పరిస్థితి విషమించిన పసిబిడ్డను విశాఖ తీసుకెళ్తారు. అక్కడ చనిపోతే ఆ మరణం నగరం ఖాతాలో పడుతుంది, ఏజెన్సీ మండలం లెక్క తేలికవుతుంది. పుట్టి రెండుసార్లు ఊపిరి తీసి ఆగిపోయిన బిడ్డను "చనిపోయి పుట్టింది" అని రాసేస్తారు, దాంతో అది శిశు మరణాల్లోకే రాదు. ఇంట్లో కాన్పు జరిగి రెండో రోజే పోయిన బిడ్డకు పుట్టుకా ఉండదు, చావూ ఉండదు.

అందుకని మూడు పనులు చేయండి. ప్రతి పుట్టుకనూ, ప్రతి మరణాన్నీ తల్లి ఏడాదిలో ఎక్కువ కాలం ఉండే ఊరికి రాయండి. ఆశా జాబితానూ అంగన్‌వాడీ జాబితానూ ఆసుపత్రి కాన్పుల జాబితానూ పక్కపక్కన పెట్టి పేరు పేరునా సరిచూడండి. మూడింట్లో ఒక్కదాంట్లోనే ఉన్న పేర్లు ఎన్ని ఉన్నాయో చూస్తే, అసలు దేంట్లోనూ లేనివాళ్ళు ఇంకెంతమంది ఉంటారో అంచనాకు వస్తుంది. తర్వాత నాలుగైదు గూడేలకు స్వయంగా వెళ్ళి, మంత్రసానిని కలిసి, గత ఏడాది ఎవరెవరికి పురుళ్ళు పోసిందో అడగండి. ఆమెకు గుర్తున్న కాన్పులు చాలావరకు రిజిస్టర్‌లో ఉండవు.

మొత్తం జనాభా ఎంత అన్నది ఇంకో చిక్కు. 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు ఆ ఏడాది జరగలేదు. 2011 అంకెలను పెంచుకుంటూ వేసిన అంచనాలతో వలస పోయిన ఊరికీ వలస వచ్చిన ఊరికీ రేట్లు తప్పుగా వస్తాయి. శిశు మరణాలకు జనాభా అక్కర్లేదు, పుట్టుకలు సరిగ్గా లెక్కపెడితే చాలు. నేను ఈ ఉదాహరణ ఎంచుకోవడానికి అదీ ఒక కారణం.

పేర్లు రాసుకున్న కాగితాలు తాళం కింద ఉండాలి. ఇంటికి వెళ్ళినప్పుడు ఎందుకు అడుగుతున్నారో వాళ్ళ భాషలో చెప్పి, ఒప్పుకుంటేనే అడగాలి. పది ఇళ్ళున్న గూడెం పేరు నివేదికలో వేసి "ఒక మరణం" అని రాస్తే ఆ తల్లి ఎవరో మండలమంతా తెలిసిపోతుంది. చిన్న గూడేలను కలిపే చూపించండి.

నాలుగో అడుగు: విడగొట్టి లెక్కవేయండి

ఒక ఊహా పీహెచ్‌సీ తీసుకుందాం. ఏడాదికి 600 పుట్టుకలు, 18 శిశు మరణాలు. రేటు వెయ్యికి 30. కలెక్టర్ సమావేశంలో ఈ అంకె పెద్దగా ఎవరి కంటా పడదు. ఇప్పుడు విడగొట్టండి. రోడ్డున్న ఊళ్ళలో 400 పుట్టుకలు, 8 మరణాలు: వెయ్యికి 20. కొండ గూడేల్లో 200 పుట్టుకలు, 10 మరణాలు: వెయ్యికి 50.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. పది మరణాలు చాలా చిన్న అంకె. ఏ మార్పూ లేకుండానే వచ్చే ఏడాది అది ఆరు కావచ్చు, పద్నాలుగు కావచ్చు. చేతిలెక్కకు ఒక సులువైన సూత్రం ఉంది: మరణాల సంఖ్యకు వర్గమూలం కట్టి రెట్టింపు చేస్తే, సుమారుగా అటూ ఇటూ ఊగే దూరం వస్తుంది. పదికి వర్గమూలం మూడు చిల్లర, రెట్టింపు ఆరు. అంటే నాలుగు నుంచి పదహారు. ఓపెన్‌ఎపి లాంటి ఉచిత సాధనంలో అరుదుగా జరిగే ఘటనల లెక్కకు వాడే పాయిసన్ పద్ధతితో కచ్చితంగా కడితే, కొండ గూడేల రేటు 24 నుంచి 92 మధ్య ఎక్కడైనా ఉండొచ్చని, రోడ్డు ఊళ్ళది 9 నుంచి 39 మధ్య ఉండొచ్చని వస్తుంది. రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఈ ఒక్క ఏడాదితో గట్టిగా మాట్లాడలేం.

మూడేళ్ళు కలపండి. అదే తీరు కొనసాగిందనుకుంటే రోడ్డు ఊళ్ళలో 1200 పుట్టుకలకు 24 మరణాలు, కొండ గూడేల్లో 600కు 30. ఇప్పుడు హద్దులు 13-30, 34-71. రెండూ విడిపోయాయి. ఇక ఈ తేడా యాదృచ్ఛికం అని ఎవరూ తోసిపుచ్చలేరు. చిన్న ప్రాంతాల్లో పనిచేసేటప్పుడు ఏళ్ళను కలపడం, లేదా ఒకే రకమైన ఊళ్ళను కలపడం తప్ప వేరే దారి లేదు.

తేడాను రెండు విధాలుగా రాయండి. తీసివేతలో వెయ్యికి 30, నిష్పత్తిలో 2.5 రెట్లు. వీటితోపాటు మూడో అంకె కూడా రాయండి, అధికారుల ముందు అదే పనిచేస్తుంది: కొండ గూడేల రేటు కూడా రోడ్డు ఊళ్ళలాగే 20 అయి ఉంటే, ఆ మూడేళ్ళలో 30 మంది బదులు 12 మంది చనిపోయేవారు. తేడా 18 మంది పిల్లలు. శాతాల దగ్గర కదలని మనిషి కూడా ఈ అంకె దగ్గర ఆగుతాడు.

వీలైతే ఇంకోసారి విడగొట్టండి: మొదటి 28 రోజుల్లో ఎందరు, ఆ తర్వాత ఎందరు. మొదటి వారంలోనే ఎక్కువ పోతుంటే కాన్పు దగ్గర, నెలలు నిండకుండా పుట్టడం దగ్గర చూడాలి. ఆరో నెల తర్వాతైతే విరేచనాలు, నిమోనియా, తిండి, నీళ్ళ దగ్గర చూడాలి. ఏ వైపు నడవాలో ఈ ఒక్క విభజనే చెబుతుంది.

ఐదో అడుగు: "ఎందుకు" అని ఊళ్ళోనే అడగండి

"వాళ్ళు ఆసుపత్రికి రారండీ, నాటువైద్యం నమ్ముతారు." ఈ మాట ప్రతి సమావేశంలో వినిపిస్తుంది. నాకు ఆ మాట వింటే బాధేస్తుంది, ఎందుకంటే అక్కడితో విచారణ ఆగిపోతుంది.

ప్రతి మరణాన్నీ మూడు ఆలస్యాల దారిలో వెనక్కి నడిపించండి. ప్రమాదం గుర్తించి బయలుదేరాలని నిర్ణయించడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, ఆసుపత్రి గడప తొక్కాక వైద్యం అందడంలో ఆలస్యం. 1994లో థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు తల్లుల మరణాల కోసం తయారుచేసిన ఈ చట్రం పసిపిల్లలకూ సరిపోతుంది. ఇంటికి వెళ్ళి, దుఃఖానికి కొన్ని వారాలు గడువిచ్చి, గంటగంటకూ ఏం జరిగిందో అడగాలి. బిడ్డ పాలు తాగడం ఎప్పుడు మానేసింది? ఎవరికి ముందు చెప్పారు? ఫోన్ సిగ్నల్ కోసం ఎంత దూరం నడిచారు? 108 ఎక్కడిదాకా వచ్చింది? అక్కడిదాకా ఎవరు మోశారు? ఆసుపత్రిలో ఎంతసేపు కూర్చోబెట్టారు? ఇంతకుముందు వెళ్ళినప్పుడు ఎలా మాట్లాడారు?

ఆ చివరి ప్రశ్న మానకండి. పెద్ద బిడ్డ కాన్పప్పుడు ఆసుపత్రిలో కసురుకున్నారని, తమ భాష ఎవరికీ అర్థం కాలేదని, తోడు వచ్చినవాళ్ళకు పడుకోను చోటూ తినను తిండీ లేకపోయిందని చెబుతారు. అవన్నీ విన్నాక "రారండీ" అన్న మాటకు అర్థం మారిపోతుంది. మొదటి ఆలస్యంగా కనిపించేది చాలాసార్లు మూడో ఆలస్యం జ్ఞాపకమే.

చనిపోయిన ఇళ్ళకే వెళ్తే సగం బొమ్మే కనిపిస్తుంది. అదే గూడెంలో, అదే నెలల్లో పుట్టి బతికిన పిల్లల ఇళ్ళకు కూడా వెళ్ళి అవే ప్రశ్నలు అడగండి. రెండు చోట్లా అందరూ బొడ్డుకు పసరు రాశారని తేలితే చావుకు అది కారణమని చెప్పలేం. బతికినవాళ్ళలో ఎక్కువమందికి మొదటి వారంలో ఆశా వచ్చిందని, చనిపోయినవాళ్ళకు రాలేదని తేలితే అక్కడ దారం దొరికినట్టే.

ఆరో అడుగు: పనిచేస్తుందని తేలినదాన్ని, అడుగున ఉన్నవాళ్ళ నుంచి మొదలుపెట్టండి

ప్రాణహిత దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ నడిపే 'సెర్చ్' సంస్థ 39 ఊళ్ళలో ఒక పని చేసి, 47 ఊళ్ళను పోలిక కోసం పెట్టుకుంది. ఊళ్ళో మహిళలకే శిక్షణ ఇచ్చారు. వాళ్ళు పుట్టిన బిడ్డను తూకం వేశారు, వెచ్చగా ఉంచడం, పాలు పట్టించడం నేర్పారు, రక్తంలో ఇన్ఫెక్షన్ లక్షణాలు కనిపిస్తే తల్లిదండ్రుల అనుమతితో ఇంట్లోనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చారు. నెలలోపు మరణాల రేటు మూడేళ్ళలో వెయ్యికి 62 నుంచి 26కు దిగింది. పోలిక ఊళ్ళలో అది 60 దగ్గరే నిలిచింది. 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఈ ఫలితమే తర్వాత దేశమంతటా ఆశాలు పసిబిడ్డ ఇంటికి వెళ్ళే కార్యక్రమానికి పునాది. ఆసుపత్రి కాన్పైతే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో, ఇంటి కాన్పైతే మొదటి రోజు కూడా కలిపి ఏడుసార్లు వెళ్ళాలి. మీ పరిధిలో కొండ గూడేల్లో ఈ సందర్శనలు నిజంగా ఎన్ని జరుగుతున్నాయో లెక్కపెట్టడం మీరు చేయగల మొదటి పని.

జార్ఖండ్, ఒడిశాల్లో 'ఏక్‌జుట్' సంస్థ పని నాకు ఇంకా ఇష్టం. 2005-08 మధ్య గిరిజనులు ఎక్కువగా ఉన్న మూడు జిల్లాల్లో మహిళల బృందాలు నెలకోసారి కూర్చుని, బొమ్మల కార్డులతో, కథలతో తల్లీబిడ్డల సమస్యలు చర్చించి, తామే పరిష్కారాలు ఎంచుకున్నాయి. నెలలోపు మరణాలు మొత్తం మీద 32 శాతం తగ్గాయి. తర్వాత విడగొట్టి చూస్తే, రెండో, మూడో ఏళ్ళలో అత్యంత వెనకబడిన కుటుంబాల్లో తగ్గుదల 59 శాతం, మిగతావారిలో 36 శాతం. అడుగున ఉన్నవాళ్ళకే ఎక్కువ మేలు జరిగింది. మామూలుగా ఇలా జరగదు. కొత్త పథకం ఏదైనా ముందు రోడ్డు పక్క ఊరికే చేరుతుంది, అందువల్ల మొదటి కొన్నేళ్ళు తేడా పెరుగుతుంది కూడా. దీన్ని తప్పించాలంటే అమలు వరుసను తిరగేయాలి: మొదటి శిక్షణ, మొదటి తూకం యంత్రం, పెద్ద అంబులెన్స్ ఆగే చోటిదాకా చేర్చే మొదటి ఫీడర్ అంబులెన్స్ అన్నిటికంటే దూరపు గూడేనికి.

దారి దూరమే ప్రధాన కారణమని ఐదో అడుగులో తేలితే, నెలలు నిండేముందే గర్భిణిని కిందికి తెచ్చి ఉంచే వసతి గృహం ఒక మార్గం. సాలూరులో గిరిజన గర్భిణుల కోసం ఇలాంటిది నడిపారు. అయితే పెద్ద పిల్లల్ని ఎవరు చూస్తారు, పోడు పనులు ఎవరు చేస్తారు అన్నవాటికి జవాబు లేకుండా కడితే మంచాలు ఖాళీగా ఉంటాయి.

సేవలు పెంచితే చాలు తేడా పోతుందని కూడా అనుకోవద్దు. 2019-21 సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. అవసరం లేని కోత ఒకవైపు, ప్రాణం మీదికి వచ్చినా ఆపరేషన్ అందని గూడెం ఇంకోవైపు. "సిజేరియన్లు ఎక్కువ" అన్న ఒక్క వాక్యంతో రాష్ట్రమంతటా వాటిని ఒకేలా తగ్గిస్తే, మొదట నష్టపోయేది ఇప్పటికే ఆపరేషన్ అందనివాళ్ళు.

ఏడో అడుగు: మళ్ళీ కొలవండి, ఈసారి తేడాను

మన ఊహా పీహెచ్‌సీకి తిరిగి వద్దాం. తర్వాతి మూడేళ్ళలో రోడ్డు ఊళ్ళలో 1200 పుట్టుకలకు 12 మరణాలు, కొండ గూడేల్లో 600కు 24 అయ్యాయనుకోండి. మొత్తం రేటు 30 నుంచి 20కి దిగింది. అందరూ సంతోషిస్తారు, సంతోషించాలి కూడా, పిల్లలు నిజంగానే బతికారు. కానీ తీసివేత తేడా వెయ్యికి 30 దగ్గరే ఉంది. నిష్పత్తి 2.5 నుంచి 4 రెట్లకు పెరిగింది. ఒక్క అంకె మాత్రమే చూపించేవాళ్ళు తమకు అనుకూలమైనదే చూపిస్తారు. మీరు ఇద్దరి రేట్లూ, తీసివేతా, నిష్పత్తీ నాలుగూ ఒకే పట్టికలో పెట్టండి.

మరో పొరపాటు తరచూ జరుగుతుంది. ఒక ఏడాది అన్నిటికంటే ఘోరంగా ఉన్న గూడేన్ని ఎంచుకుని పని మొదలుపెడితే, మరుసటి ఏడాది మనం ఏమీ చేయకపోయినా అక్కడ అంకె సాధారణంగా కొంత తగ్గుతుంది. చిన్న సంఖ్యల స్వభావమే అది. ఇరవై గూడేలుంటే అందరి ముందూ చీటీలు తీసి పదింటిలో ముందు, మిగతా పదింటిలో ఆరునెలల తర్వాత మొదలుపెట్టండి. ఎలాగూ ఒకేసారి అన్నిచోట్లా మొదలుపెట్టే బలగం ఉండదు. చీటీ తీస్తే న్యాయంగానూ ఉంటుంది, పోలికా దొరుకుతుంది. మరణాలు తక్కువ కాబట్టి తొలి ఏడాది వాటికోసం చూడకుండా, మొదటి వారంలో ఆశా వచ్చిన పిల్లల శాతం, తూకం వేసిన పిల్లల శాతం చూడండి. అవి కదలకపోతే మరణాలు మనవల్ల కదలవు.

ఇంకో మాట. పని మొదలయ్యాక నమోదు మెరుగవుతుంది, దాంతో మొదటి ఏడాది మరణాలు పెరిగినట్టు కనిపిస్తాయి. దీన్ని ముందే అధికారులకూ సర్పంచులకూ రాతపూర్వకంగా చెప్పి పెట్టండి. చెప్పకపోతే నిజం రాసిన ఏఎన్‌ఎంకు మెమో వస్తుంది, మరుసటి ఏడాది రిజిస్టర్‌లో మళ్ళీ సున్నాలు కనిపిస్తాయి.

పట్టిక తయారయ్యాక దాన్ని ముందుగా గూడెంలోనే చదివి వినిపించండి, సంత రోజు కాకుండా చూసుకుని, వాళ్ళ భాష వచ్చిన మనిషిని వెంటబెట్టుకుని. పేపర్ మీద అంకెలకంటే గింజలు బాగా పనిచేస్తాయి: పుట్టిన ఒక్కో బిడ్డకు ఒక చింతగింజ పెట్టి, పోయినవాళ్ళవి పక్కకు తీయండి. గింజలు తీస్తున్నప్పుడు "ఇంకొకటి ఉంది, అది మీరు రాసుకోలేదు" అని ఎవరో ఒకరు అంటారు. ఆ పేరు కూడా రాసుకోండి.